కారణం కోసం వెతుకులాట: బెరిబెరి నుంచి ఉద్దానం దాకా

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, మహేంద్రగిరి కొండలకూ సముద్రానికీ నడుమ ఇసుక నేలల మీద కొబ్బరి, జీడి, పనస తోటలు పరుచుకున్న ప్రాంతమే ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెలు దీని కిందికి వస్తాయి. ఇంత పచ్చని నేల మీద దాదాపు మూడు దశాబ్దాలుగా ఒక జబ్బు మనుషులను నెమ్మదిగా తినేస్తోంది. పొలం పనికీ తోట పనికీ వెళ్లేవాళ్లు, నడివయసులో ఉన్నవాళ్లు, నిన్నటిదాకా బాగానే తిరిగినవాళ్లు రక్తపరీక్ష చేయించుకుంటే మూత్రపిండాలు బయటికి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిందని తేలుతుంది. అప్పటికే మూత్రపిండాలు సగానికి పైగా పని మానేసి ఉంటాయి. కొన్నేళ్లకు డయాలసిస్ దశ వస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు రోగులున్న కుటుంబాలు ఉన్నాయి. ఉద్దానం సంబంధమంటే పెళ్లి మాటలు ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

వైద్యులు దీనిని కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో సీకేడీయూ. ఇన్నేళ్లుగా ఇంతమంది పరిశోధకులు వచ్చి వెళ్లినా కారణం ఎందుకు తేలలేదని ఉద్దానం ప్రజలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. దానికి జవాబు చెప్పాలంటే, విజ్ఞానశాస్త్రం ఒకదాన్ని కారణమని ఎప్పుడు ఒప్పుకొంటుందో, ఎందుకు అంత తేలికగా ఒప్పుకోదో ముందు తెలియాలి.

కారణం తెలియదు అనడానికి కూడా ఒక పద్ధతి ఉంది. మూత్రపిండాలు దెబ్బతినడానికి లోకంలో ఎక్కువగా కనిపించే కారణాలు చక్కెర వ్యాధి, అధిక రక్తపోటు. వాటి తర్వాత మూత్రపిండాల్లో రాళ్లు, పుట్టుకతో వచ్చే లోపాలు, వడపోత గుత్తుల వాపు వస్తాయి. రోగిలో వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించి కొట్టివేయాలి. క్రియాటినిన్ ఒక్కసారి ఎక్కువగా ఉంటే చాలదు. అది కండరాల బరువును బట్టి మారుతుంది, ఒక్క రోజు ఎండదెబ్బకూ పెరుగుతుంది. అందుకే మూడు నెలల ఎడం తర్వాత మళ్లీ పరీక్షించి, అప్పుడూ తగ్గకపోతేనే జబ్బు దీర్ఘకాలికమని నిర్ణయిస్తారు. ఉద్దానం రోగుల్లో ఎక్కువ మందికి మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్ల వాపు తొందరగా రాదు, స్కానింగ్‌లో మూత్రపిండాలు ముడుచుకుపోయి కనిపిస్తాయి. ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే వడపోత గుత్తుల కంటే వాటి నుంచి బయలుదేరే సన్నని నాళికలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం ఎక్కువగా పాడై ఉంటాయి. 2019, 2020ల్లో వెలువడిన రెండు సర్వేలు ఈ ప్రాంతపు వయోజనుల్లో సుమారు ఐదో వంతు మందికి మూత్రపిండ వ్యాధి లక్షణాలు ఉన్నట్టు చూపాయి. వారిలో చాలామందికి మామూలు కారణాలేవీ దొరకలేదు. అంటే ఇక్కడ తెలియదు అన్న మాట ఊరికే అన్నది కాదు. తెలిసిన కారణాలన్నింటినీ జల్లెడ పట్టగా మిగిలినది అది.

ఇక కారణమంటే ఏమిటి? ఈ ప్రశ్నను మన తార్కికులు శతాబ్దాల కిందటే ఎత్తుకున్నారు. విజయనగరం మహారాజా సంస్కృత కళాశాలలో తర్కం చదివినవారు మొదట పట్టుకున్న పుస్తకం, 17వ శతాబ్దానికి చెందిన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం. ఆయనను తెలుగువాడిగానే చెబుతారు. అందులోని ఉదాహరణ ఇది: పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా, ఇది అన్వయం. నిప్పు లేనిచోట పొగ ఉండదు, మడుగులో లాగా, ఇది వ్యతిరేకం. రెండూ సరిపోతేనే పొగకూ నిప్పుకూ ఉన్న సంబంధం నిలుస్తుంది. మరి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. పైకి నిప్పే చాలుననిపించినా, కంటపడకుండా పని చేస్తున్న ఈ తడి కట్టెను తార్కికులు ఉపాధి అన్నారు. 1843లో ఇంగ్లాండులో జాన్ స్టువర్ట్ మిల్ ప్రయోగశాస్త్రాల కోసం రాసిన సూత్రాల్లో మొదటి రెండూ ఈ అన్వయ వ్యతిరేకాలకు చాలా దగ్గరగా ఉంటాయి. ఇప్పటి వ్యాధి పరిశోధకుల శ్రమలో పెద్ద భాగం ఉపాధిని పట్టుకోవడానికే పోతుంది.

ఉద్దానం ఉన్న ఈ తీరమే ఒకప్పుడు మరో అంతుచిక్కని జబ్బుకు పేరుపడింది. దాని పేరు బెరిబెరి. 19వ శతాబ్దపు మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం నుంచి దక్షిణంగా సాగే ఉత్తర సర్కారుల జిల్లాల్లో అది తరచుగా కనిపించేది. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పేవి, ఒళ్లు వాచేది, చివరికి గుండె ఆగిపోయేది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835లో ఈ జబ్బు మీద ఒక పుస్తకమే ప్రచురించాడు. జబ్బు సముద్రానికి దగ్గరి జిల్లాలను పట్టుకుని ఉండటం అందరికీ కనబడుతూనే ఉంది. కాబట్టి అప్పటి వైద్యులు తీరపు తేమను, చెడుగాలిని, రాత్రిపూట మారే చలిని అనుమానించారు. వాళ్లు చూసినది తప్పు కాదు, జబ్బు తీరం వెంట ఉన్నమాట నిజమే. అయితే తీరం వెంట తేమ ఒక్కటే లేదు. తీరం వెంట ఒక రకం తిండి కూడా ఉంది.

ఆ సంగతి బయటపడింది జావాలో. డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ 1886లో బెరిబెరి క్రిమిని పట్టుకోవడానికి అక్కడికి వెళ్లాడు. అది క్రిముల సిద్ధాంతం కొత్తగా గెలుస్తున్న కాలం, ప్రతి జబ్బుకూ ఒక క్రిమి దొరుకుతుందన్న నమ్మకం బలంగా ఉంది. ప్రయోగశాలలో పెంచుతున్న కోళ్లకు ఉన్నట్టుండి బెరిబెరిని పోలిన కాళ్ల పక్షవాతం వచ్చింది. కొన్నాళ్లకు దానంతట అదే పోయింది. ఆరా తీస్తే, జబ్బు ఉన్నన్నాళ్లూ కోళ్లకు సైనిక ఆసుపత్రి వంటశాల నుంచి తెల్లగా పాలిష్ పట్టిన బియ్యపు అన్నం పెట్టారని, కొత్తగా వచ్చిన వంటవాడు అది ఇవ్వనన్నాక ముడి బియ్యానికి మారారని తెలిసింది. కోళ్ల సంగతి మనుషులకు వర్తిస్తుందా? దాన్ని తేల్చడానికి అడాల్ఫ్ వోర్డర్‌మన్ అనే అధికారి జావాలోని 101 జైళ్ల లెక్కలు తీశాడు. తెల్లబియ్యం పెట్టిన జైళ్లలో సుమారు 39 మందిలో ఒకరికి బెరిబెరి వచ్చింది. పైపొర పోని బియ్యం పెట్టిన చోట దాదాపు పది వేల మందిలో ఒకరికి వచ్చింది. జైలు కట్టడం ఎంత పాతది, గాలి ఎంత ఆడుతుంది, ఎంత కిక్కిరిసి ఉంది అన్నవి కూడా ఆయన విడివిడిగా చూశాడు. వాటికీ జబ్బుకూ పొంతన కుదరలేదు. తేమ, చెడుగాలి వాదనలు అక్కడ వీగిపోయాయి.

అయినా ఐక్‌మన్ తన ఫలితాన్ని తానే తప్పుగా అర్థం చేసుకున్నాడు. తెల్లబియ్యపు పిండిపదార్థంలో ఒక విషం ఉందని, తవుడు దానికి విరుగుడని ఆయన అనుకున్నాడు. అన్వయ వ్యతిరేకాలు రెండూ ఆయన చేతిలో ఉన్నాయి, కానీ రెండు వివరణలకూ అవి సమానంగానే సరిపోయాయి. 1901లో ఆయన తర్వాత వచ్చిన గెరిట్ గ్రైన్స్ విషయాన్ని తిరగేసి చూశాడు. అన్నంలో విషం లేదు, ఉండవలసినది ఒకటి లేదు. లేనిదాన్ని వెతకడం ఉన్నదాన్ని వెతకడం కంటే చాలా కష్టం, ఎందుకంటే ఏ సీసాలోనూ అది కనబడదు. తవుడులోని ఆ పదార్థాన్ని 1926లో జావాలోనే స్ఫటికాలుగా వేరు చేశారు. ప్రయోగశాలలో తయారు చేసే పద్ధతిని 1930ల నడుమ సాధించిన రసాయనవేత్త రాబర్ట్ విలియమ్స్. ఆయన 1886లో మన నెల్లూరులో, బాప్టిస్టు మిషనరీల ఇంట పుట్టిన అమెరికన్. ఆ పదార్థమే థయమిన్, అంటే విటమిన్ బి1.

సర్కారు జిల్లాల చిక్కుముడి కూడా అప్పుడే విడింది. 1924లో మెక్‌కారిసన్, నారిస్‌ల అధ్యయనం, 1940లో కూనూరు పోషకాహార ప్రయోగశాల నుంచి ఐక్రాయిడ్ బృందం ప్రచురించిన నివేదిక ఇండియాలో బెరిబెరినీ బియ్యం రకాలనూ పక్కపక్కన పెట్టి చూశాయి. అరవ జిల్లాల్లో ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత మర పట్టినా పూర్తిగా పోదు. సర్కారు తీరంలో ఇష్టపడింది పచ్చి బియ్యం. దాన్ని మర పట్టి, పలుమార్లు కడిగి, గంజి వార్చేసరికి మిగిలేది తక్కువ. సముద్రం బెరిబెరికి కారణం కాలేదు, అది జబ్బు పక్కన నిలబడిన సాక్షి మాత్రమే. కూనూరులోని ఆ ప్రయోగశాలే తర్వాత హైదరాబాద్‌కు తరలివచ్చి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అన్ని జబ్బులూ ఇంత కాలం తీసుకోవు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని 1930లలో మొదట గమనించింది రైతులే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అదే జబ్బును మనుషుల్లో వర్ణించి, తాగునీటిలోని ఫ్లోరైడ్‌తో ముడిపెట్టారు. అక్కడ అనుమానం త్వరగా తేలడానికి కారణాలున్నాయి. ఫ్లోరైడ్ పిల్లల పళ్ల మీద మచ్చలుగా, పెద్దల ఎముకల్లో గట్టిదనంగా తన గుర్తు వదులుతుంది. నీటిలో మోతాదు పెరిగిన కొద్దీ జబ్బూ పెరుగుతుంది. బావి మారితే ఆ తర్వాత పుట్టే పిల్లల పళ్లు మారతాయి. ఇదే ఫ్లోరైడ్ జబ్బుతో నలిగిన నల్గొండ పల్లెల వేదనకు శాస్త్రీయమైన సందేహం కారణం కాదు. కారణం తెలిసిన తర్వాత మంచినీరు చేరడానికి దశాబ్దాలు పట్టింది.

ఉద్దానంలో అలాంటి గుర్తు ఇప్పటిదాకా దొరకలేదు. అందరి అనుమానమూ మొదట నీటి మీదికే పోయింది. పల్లెల్లో తాగేది బోరు నీళ్లు, నేలబావి నీళ్లు. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి లోహాల కోసం వెతికారు. భూగర్భ జలాల్లో సిలికా ఎక్కువగా ఉందన్న వాదన బలంగా వినిపించింది. సిలికా మూత్రపిండాన్ని దెబ్బతీయడం అసాధ్యమేమీ కాదు. కానీ ఒక ప్రాంతంలో సిలికా ఎక్కువ, అదే ప్రాంతంలో జబ్బు ఎక్కువ అన్నంత మాత్రాన సిలికా కారణం కాదు. ఒక ఊళ్లో సిలికా ఉన్న నీళ్లు తాగినవాళ్లకే జబ్బు వచ్చి, తాగనివాళ్లకు రాకుండా ఉందా? ఎక్కువ తాగినవాళ్లకు ఎక్కువ వచ్చిందా? అవే రాళ్లు, అదే నీరు ఉన్న మరో ప్రాంతంలో జబ్బు ఎందుకు లేదు? ఈ మెట్లు ఎక్కిన తర్వాతే అది ముద్దాయి అవుతుంది. పైగా ఈ రోజు పరీక్షించే నీరు ఈ రోజుటిది. జబ్బు మొదలైనది పది పదిహేనేళ్ల కిందట కావచ్చు. అప్పటి నీటి నమూనా ఎవరి దగ్గరా లేదు.

పురుగుమందుల సంగతీ అంతే. పొలాల్లో ఏ మందు, ఏ ఏడు, ఎంత చల్లారో పుస్తకంలో రాసుకున్న రైతు అరుదు. రోగిని అడిగితే జబ్బు వచ్చాక వెనక్కి తిరిగి గుర్తు తెచ్చుకుంటాడు. జబ్బు లేనివాడు అంతగా ఆలోచించడు. ఆ తేడా వల్లే లెక్కల్లో లేని సంబంధం పుట్టుకొస్తుంది. నొప్పి మాత్రల విషయం ఇంకా చిక్కు. ఒళ్లు నొప్పులకు ఆర్ఎంపీ దగ్గర మాత్రలు, సూదులు వేయించుకోవడం పల్లెల్లో మామూలు. అవి ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాలకు హాని అన్నది తెలిసిన విషయమే. అయితే మాత్రలు వేసుకున్నందుకు మూత్రపిండం పాడైందా, మూత్రపిండం పాడవుతున్నందుకు ఒళ్లు నొప్పులు వచ్చి మాత్రలు వేసుకున్నారా? ఒక్కసారి ఊరికి వచ్చి అందరినీ పరీక్షించి వెళ్లే సర్వే ఈ రెండింటినీ వేరు చేయలేదు, ముందువెనుకలు అందులో కనిపించవు. ఒకే ఇంట్లో పలువురికి రావడం వంశపారంపర్యాన్ని సూచిస్తుందన్నవారూ ఉన్నారు. కానీ ఒక ఇంటివాళ్లు జన్యువులతో పాటు బావినీ, వంటనూ, పనినీ కూడా పంచుకుంటారు.

ఉద్దానం ఒంటరిది కాదన్న విషయం ఈ అన్వేషణకు పెద్ద ఆసరా. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో వ్యవసాయ కూలీల్లో ఇలాంటి జబ్బును 2002లో వైద్యులు ప్రచురించారు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతుల్లో 1990ల నుంచి అది కనిపిస్తోంది. మధ్య అమెరికా పరిశోధకుల్లో చాలామంది మండుటెండలో నీళ్లు లేకుండా రోజూ చేసే బరువు పనిని ప్రధాన కారణంగా భావిస్తున్నారు. నికరాగువా చెరకు తోటల్లో కూలీలకు నీరు, విరామం, నీడ ఏర్పాటు చేసి మూత్రపిండాల మీద దాని ప్రభావాన్ని కొలుస్తున్నారు. ఆ వాదన ఉద్దానానికి అలాగే అతకదు. అక్కడ జబ్బు ప్రధానంగా మగ కూలీలను పట్టుకుంటే, ఉద్దానంలో ఆడవాళ్లూ పెద్ద సంఖ్యలో రోగులవుతున్నారు. ఇక్కడి పనిలో చాలా భాగం తోటల నీడలో సాగుతుంది. అయినా ఎండ వాదనను కొట్టివేయలేము. తడి కట్టె లాగా, ఎండ మరో విషానికి తోడై పని చేస్తూ ఉండవచ్చు.

ఇన్ని అనుమానాల మధ్య ఒక తీర్పు ఎలా వస్తుందో చూపే ఉదాహరణ బాల్కన్ దేశాలలో ఉంది. డాన్యూబ్ ఉపనదుల ఒడ్డున బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, రొమేనియా పల్లెల్లో 1950ల నుంచి ఇలాంటి మూత్రపిండ వ్యాధిని వర్ణిస్తూ వచ్చారు. అక్కడా లోహాలు, బొగ్గు పొరల నీరు, బూజు విషాలు, వైరస్, వంశం అన్నింటినీ అనుమానించారు. 1960ల చివర సెర్బియా వైద్యుడు మిలెంకో ఇవిచ్ గోధుమ చేలలో మొలిచే ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయని చెప్పాడు. అది మన గాడిదగడపాకు, ఈశ్వరి ఉన్న కుటుంబానికి చెందిన మొక్క. ఆయన మాట చాలాకాలం పక్కన పడింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గడానికి మూలికలు వాడిన యువతులకు మూత్రపిండాలు పాడయ్యాయి. పొరపాటున వాటిలో చేరినది అదే కుటుంబపు మొక్క. వాళ్ల కణజాలం బాల్కన్ రోగుల కణజాలాన్ని పోలి ఉండటంతో ఇవిచ్ అనుమానానికి మళ్లీ ప్రాణం వచ్చింది. 2007లో ఆర్థర్ గ్రోల్‌మన్ బృందం బాల్కన్ రోగుల మూత్రపిండాల్లో ఆ మొక్క విషం డీఎన్ఏకు అంటుకున్న జాడను నేరుగా చూపింది. జబ్బును గుర్తించిన అర్ధ శతాబ్దానికి గాని నేరస్థుడి వేలిముద్ర దొరకలేదు. ఉద్దానంలో కావలసిందీ అలాంటి వేలిముద్రే. ఊరి సగటులో కాక రోగి శరీరంలో మిగిలిన జాడ కావాలి.

అంతదాకా చేతులు ముడుచుకు కూర్చోవాలా అంటే, అక్కరలేదు. పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తేల్చినవారిలో ఒకరైన బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1965లో కారణాన్ని నిర్ణయించడానికి తొమ్మిది కొలమానాలు చెప్పాడు. సంబంధం బలం, కాలక్రమం, మోతాదుతో పెరగడం వంటివి అవి. పూర్తి రుజువు లేదని చర్యను వాయిదా వేయకూడదని కూడా ఆయన అదే ఉపన్యాసంలో వాదించాడు. అయితే రుజువుకు ముందు తీసుకునే చర్య కొలిచేదిగా ఉండాలి. శ్రీలంక 2015లో ఈ జబ్బుకు కారణమన్న అనుమానంతో గ్లైఫోసేట్ కలుపుమందును నిషేధించి, 2018లో కొన్ని పంటలకు సడలించింది. జబ్బు మీద దాని ఫలితమేమిటో ఆ కొద్దికాలంలో తేలే అవకాశం లేకపోయింది.

1854లో లండన్‌లో వైద్యుడు జాన్ స్నో చేసినది దీనికి భిన్నం. ఒకే వీధుల్లో రెండు కంపెనీలు కుళాయి నీళ్లు ఇచ్చేవి. ఒకటి రెండేళ్ల ముందే థేమ్స్ నదిలో మురుగు కలవని పై ప్రాంతానికి మారింది, రెండోది మారలేదు. కలరా వచ్చినప్పుడు స్నో ఏ ఇంటికి ఏ కంపెనీ నీరో అడిగి రాసుకున్నాడు. మురుగునీటి కంపెనీ వైపు ప్రతి పది వేల ఇళ్లకు 315 మంది, చోటు మారిన కంపెనీ వైపు 37 మంది చనిపోయారు. కలరా క్రిమిని జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాఖ్ చూపడానికి ఇంకా మూడు దశాబ్దాలు ఉంది. క్రిమి పేరు తెలియకపోయినా దారి తెలిసింది.

ఉద్దానానికి ఇప్పుడు సరిగ్గా అలాంటి అవకాశమే వచ్చింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు సుమారు 700 కోట్ల రూపాయలతో, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఏడు మండలాల పల్లెలకు తెచ్చే పథకమూ మొదలైంది. నీరు ఏ పల్లెకు ఏ నెలలో చేరిందో, ఏ ఇంటివాళ్లు దాన్నే తాగుతున్నారో, ఎవరు ఇంకా బోరు నీళ్లకే మొగ్గుతున్నారో నమోదు చేయాలి. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఇరవై, ముప్పై ఏళ్లవారి మూత్రపిండాల పనితనాన్ని ఏటా ఒకే ప్రయోగశాల పద్ధతిలో కొలవాలి. వాళ్ల రక్తం, మూత్రం, తాగే నీటి నమూనాలు తేదీ వేసి గడ్డకట్టించి దాచాలి. పదేళ్ల తర్వాత కొత్త అనుమానం పుడితే వెనక్కి వెళ్లి చూడటానికి అవే దిక్కు. ఉద్దానం పేరు విని ఇక్కడ పరీక్షలు ఎక్కువ చేస్తారు కాబట్టి జబ్బు ఎక్కువగా కనబడవచ్చు. అందుకే తోటలు లేని పక్క మండలాల్లోనూ, విజయనగరం తీరంలోని భోగాపురం, పూసపాటిరేగ వైపు పల్లెల్లోనూ ఇదే కొలత ఇదే పద్ధతిలో జరగాలి. ఈ జబ్బు పెరిగే వేగం చూస్తే, ఆ పట్టికలు కనీసం దశాబ్దం పాటు తెగకుండా నడిచిన తర్వాతే నీటి మీద ఉన్న అనుమానం నిలుస్తుందో వీగిపోతుందో చెప్పగలరు.